మరిగే పులుసుకు వారసులేరీ?

సింగపూర్‌లో టియోచ్యూ బాతు నూడుల్స్ ఇప్పటికీ సామాన్యుడికి అందుబాటులోనే ఉన్నాయి. ఆ చవకదనమే ఇప్పుడు వాటిని వండేవారికి శాపంగా మారుతోంది.

మధ్యాహ్నం పన్నెండు కాకముందే సింగపూర్ హాకర్ సెంటర్లలో కుర్చీలకు కరువొస్తుంది. మెడలో ఆఫీసు బ్యాడ్జీలు వేలాడుతున్న ఉద్యోగులు, కూరగాయల సంచులతో వచ్చిన గృహిణులు, చేతికర్ర పక్కన పెట్టుకున్న వృద్ధులు ఒకే బల్ల దగ్గర సర్దుకుని కూర్చుంటారు. ఖాళీ బల్ల మీద టిష్యూ పేపర్ ప్యాకెట్ కనిపిస్తే ఆ చోటు ఎవరో ఆపుకున్నారని అర్థం. తెలుగునాట బస్సు కిటికీలోంచి సీటు మీదకు విసిరే జేబురుమాలుకు అది సింగపూర్ రూపం. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నా ఉక్కపోత తగ్గదు. అయినా ఒక దుకాణం ముందున్న వరస మాత్రం కదలదు. అద్దం వెనుక కొక్కేలకు వేలాడుతున్న ముదురు గోధుమరంగు బాతులే అందుకు కారణం.

దుకాణం అంటే పెద్దదేమీ కాదు. ఒకరిద్దరు నిలబడటానికి మాత్రమే చోటుండే గది. ఒక పక్క నూడుల్స్ ముంచి తీయడానికి సలసల కాగే నీళ్లు, ఇంకో పక్క నల్లటి పులుసు గుండిగ, మధ్యలో మాంసం కొట్టే మొద్దు. వంతు వచ్చినవారు రెండు మూడు ముక్కల్లో చెప్పేయాలి. ఏ నూడుల్స్: వెడల్పాటి పసుపుపచ్చ 'మీ పోక్', సన్నటి 'మీ కియా', బియ్యప్పిండితో చేసిన 'క్వే టియావ్', లేదా సేమ్యాలాంటి 'బీ హూన్'? పులుసులోనా, పొడిగానా? కారం ఉండాలా, వద్దా? మొద్దు వెనకాల ఉన్న పెద్దాయనను అందరూ 'అంకుల్' అనే పిలుస్తారు, ఆయన భార్యను 'ఆంటీ' అని. ఈ విషయంలో సింగపూర్‌కూ హైదరాబాద్‌కూ తేడా లేదు.

పొడి నూడుల్స్ అడిగితే పని చకచకా సాగిపోతుంది. జాలి గరిటెలో వేసిన నూడుల్స్‌ను మరిగే నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి, చన్నీళ్లలో ఒకసారి తిప్పి, మళ్లీ వేడి నీళ్లలో ముంచి తీస్తారు. అలా చేస్తే అవి మెత్తబడి ముద్దకావు. కారం ముద్ద, కాస్త నూనె, గరిటెడు బాతు పులుసు వేసి కలుపుతారు. పైన పలచగా కోసిన బాతు మాంసం, అదే పులుసులో ఉడికిన కోడిగుడ్డు సగం చెక్క, సోయా పనీర్‌గా మనకు తెలిసిన టోఫు, నాలుగు కీరదోస ముక్కలు. పక్కన చిన్న గిన్నెలో సూప్, ఇంకో చిన్న పళ్లెంలో పండు మిరప, వెల్లుల్లి, వెనిగర్ కలిపి నూరిన పుల్లటి పచ్చడి. ధర సాధారణంగా 4 నుంచి 6 సింగపూర్ డాలర్లు. రూపాయల్లో దాదాపు 250 నుంచి 400. ప్రపంచంలోని అత్యంత ఖరీదైన నగరాల్లో ఒకటిగా పేరుబడ్డ చోట అది చవకే.

తెలిసిన దినుసులే, తెలియని రుచి

ఈ వంటకం పేరు వింటే తెలుగువారికి కొత్తగా ఉంటుంది గానీ గుండిగలో పడే దినుసులు చాలావరకు మన పోపుల పెట్టెలోవే. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, వెల్లుల్లి, అల్లం. వీటితోపాటు సోయా సాస్, కరిగించి ఎర్రగా మాడ్చిన పంచదార లేదా పటికబెల్లం. అసలు గుట్టు మాత్రం దుంపరాష్ట్రం. గలాంగల్ అనే ఈ దుంపను తెలుగువారు ఎప్పుడో మందుల కొట్టుకు పరిమితం చేశారు. టియోచ్యూ వంటింట్లో అది లేకుండా బాతు ఉడకదు. బాతు మాంసానికి సహజంగా ఉండే నీచు వాసనను అణచి, పులుసుకు కాస్త ఘాటైన పరిమళం ఇచ్చేది అదే.

సింగపూర్‌లో బాతు పులుసు వండేవారు ప్రధానంగా రెండు తెగలు. హొకియన్ వర్గంవారి పులుసు చిక్కగా, నల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది. పిండి కలిపి దాన్ని చిక్కబరుస్తారు. టియోచ్యూ పులుసు పలచన, రంగూ తక్కువే. దినుసులు మాంసాన్ని కప్పేయకూడదు, మాంసం రుచి తెలియాలి అన్నది వారి సిద్ధాంతం. చేపను ఆవిరి మీద ఉడికించడం, మెతుకు విడివిడిగా కనిపించే గంజిని నంజుళ్లతో తినడం కూడా ఈ సంప్రదాయంలోవే. ఆ గంజికి కూడా మంచి జోడీ ఉడికించిన బాతే.

గుండిగలోని పులుసుది మరో కథ. దాన్ని రోజూ పారబోయరు. సాయంత్రం వడకట్టి, పైన తేలిన కొవ్వు తీసి, మళ్లీ మరిగించి దాచిపెడతారు. మర్నాడు కొత్త నీళ్లు, కొత్త దినుసులు చేర్చి అందులోనే కొత్త బాతులను ఉడికిస్తారు. మన ఇళ్లలో నిన్నటి పెరుగే నేటి పాలకు తోడయినట్టు, నిన్నటి పులుసే నేటి పులుసుకు మూలం. ప్రతి బాతూ తన రుచిని కొంత అందులో వదిలి వెళుతుంది. అందుకే ఈ దుకాణాల్లో అత్యంత విలువైన ఆస్తి గల్లాపెట్టె కాదు, గుండిగ. కాగితం మీద రాసిచ్చిన వంట విధానం దానికి ప్రత్యామ్నాయం కాదు.

హంస పోయి బాతు వచ్చె

టియోచ్యూలది చైనా ఆగ్నేయ తీరం. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం తూర్పు కొసన చావ్‌జౌ, షాన్‌టౌ, జియెయాంగ్ నగరాల చుట్టూ ఉన్న ప్రాంతం వారి పుట్టిల్లు. పొలం తక్కువ, జనం ఎక్కువ. సముద్రం ఎదురుగానే ఉంది. 19వ శతాబ్దంలో ఓడలెక్కి సయాం, మలయా, సింగపూర్‌లకు వలసపోయారు. అప్పట్లో స్వాతావ్‌గా పేరున్న షాన్‌టౌ రేవు 1860లో విదేశీ వాణిజ్యానికి తెరుచుకున్నాక ఆ ప్రవాహం మరింత పెరిగింది. సింగపూర్‌లో వారు నది ఒడ్డున వ్యాపారాలు పెట్టుకున్నారు, లోపలి అడవులు కొట్టి మిరియాలు, గాంబియర్ తోటలు వేశారు. ఆ తోటల వ్యాపారంలో కుబేరుడైన సియా యూ చిన్ 1845లో నెలకొల్పిన ఙీ ఆన్ కోంగ్సీ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. నేటి సింగపూర్ చైనీయుల్లో హొకియన్ల తర్వాత అతిపెద్ద వర్గం టియోచ్యూలదే.

పుట్టింట్లో పులుసు గుండిగలో ఉడికేది ప్రధానంగా పెద్ద బాతు, అంటే గూస్. నుదుటి మీద పెద్ద బుడిపెతో సింహం తలను తలపించే అక్కడి గూస్ జాతి ప్రపంచంలోని అతిపెద్ద జాతుల్లో ఒకటి. మగపక్షి 10 కిలోలు దాటి తూగుతుంది. కొత్త దేశంలో అది సులభంగా దొరికేది కాదు. దొరికింది బాతు. ప్రవాసంలో ఉన్న ఏ వంటయినా చేసే పనే టియోచ్యూ వంట కూడా చేసింది. పాత పద్ధతిని ఉంచుకుని, కొత్త సరుకుతో సర్దుకుంది.

ఆ బాతు కూడా ఇప్పుడు సింగపూర్‌ది కాదు. నదీ ప్రక్షాళన పథకం కింద 1980ల తొలినాళ్లలోనే కలాంగ్ పరీవాహక ప్రాంతంలోని దాదాపు 500 బాతుల ఫారాలను ప్రభుత్వం ఖాళీ చేయించింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కోతలయిన వరి మళ్లలో బాతుల మందలను మేపే దృశ్యం తెలుగువారికి తెలిసిందే. సింగపూర్‌లో అలాంటి మడి లేదు, మంద లేదు. తినే తిండిలో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం అది. బాతులకు ప్రధానంగా పొరుగున ఉన్న మలేసియాయే దిక్కు. 2004 ఆగస్టులో మలేసియాలో బర్డ్ ఫ్లూ బయటపడగానే అక్కడి కోళ్లు, బాతుల దిగుమతిని సింగపూర్ నిలిపివేసింది. పొరుగు దేశపు ఫారంలో జబ్బు పుడితే ఇక్కడి దుకాణంలో గుండిగ చల్లారుతుందని హాకర్లకు ఆనాడే తెలిసొచ్చింది.

బండి నుంచి బల్ల దాకా

సింగపూర్ ఇప్పుడు గర్వంగా చెప్పుకునే హాకర్ భోజనం ఒకప్పుడు దానికి తలనొప్పి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పనిలేని వేలాది మంది కావడి భుజాన వేసుకుని, బండి తోసుకుంటూ వీధిన పడ్డారు. పెట్టుబడి తక్కువ, చదువు అక్కర్లేదు, తల్లి నేర్పిన వంట ఒకటి చాలు. వారితోపాటే మురికి కాలువలు, ఎలుకలు, కలరా భయం, పోలీసుల దాడులు. 1968-69లో ప్రభుత్వం దేశమంతా హాకర్లను లెక్కపెట్టి నమోదు చేసింది. 1971 నుంచి 1986 వరకు నీటి కుళాయి, మురుగు కాలువ, కరెంటు ఉన్న సెంటర్లు కట్టి సుమారు 18 వేల మందిని వాటిలోకి తరలించింది.

భారతీయ నగరాలు దశాబ్దాలుగా తోపుడుబండ్లను తోలేయడమా, వదిలేయడమా అని తేల్చుకోలేక సతమతమవుతుంటే సింగపూర్ మూడో దారి పట్టింది. వీధి నుంచి తీసేసింది గానీ వంట నుంచి తీసేయలేదు. తొలితరం హాకర్లకు నామమాత్రపు అద్దె పెట్టింది. జనాభాలో నాలుగింట మూడొంతులకు పైగా నివసించే ప్రభుత్వ ఫ్లాట్ల పక్కనే ఈ సెంటర్లు వెలిశాయి. ఇప్పుడు 110కి పైగా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదైన చైనాటౌన్ కాంప్లెక్స్‌లో 200కు పైగా తిండి దుకాణాలున్నాయి. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో బిర్యానీ, దోసె, చైనా నూడుల్స్ ఒకే కప్పు కింద దొరుకుతాయి. అక్కడికి వచ్చేవారిలో తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, నిర్మాణ కూలీలు కూడా ఉంటారు.

ఈ భోజనానికి కీర్తి ఆలస్యంగా వచ్చినా ఘనంగానే వచ్చింది. 2016లో సింగపూర్‌కు వచ్చిన తొలి మిషలిన్ గైడ్ రెండు హాకర్ దుకాణాలకు నక్షత్రాలిచ్చింది. వాటిలో ఒకటైన హిల్ స్ట్రీట్ తై హ్వా అమ్మేది టియోచ్యూ తరహా పంది మాంసం నూడుల్స్. 2018 జాతీయ దినోత్సవ ప్రసంగంలో నాటి ప్రధాని లీ సియెన్ లూంగ్ హాకర్ సంస్కృతిని యునెస్కోకు ప్రతిపాదిస్తామని ప్రకటించారు. 2020 డిసెంబర్‌లో ఆ గుర్తింపు వచ్చింది. ఆ జాబితాలో సింగపూర్‌కు దక్కిన తొలి చోటు అది. బిరుదు దక్కే వేళకు వండేవారి సగటు వయసు 60కి చేరువైంది.

అసలు లెక్క

సమస్యకు మూలం పళ్లెం ధరలో ఉంది. బాతు దుకాణంలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. తెచ్చిన బాతులకు మిగిలిపోయిన ఈకలు ఏరాలి, కొవ్వు తీయాలి, ఉప్పూ మసాలా పట్టించాలి. తర్వాత గంటకు పైగా సన్నటి సెగ మీద, మధ్యమధ్య తిప్పుతూ ఉడికించాలి. మంట పెరిగితే తోలు చిట్లుతుంది, తగ్గితే మాంసం సాగుతుంది. తీశాక వేలాడదీసి ఆరబెట్టాలి. ఆ తర్వాతే అమ్మకం. మధ్యాహ్నానికో సాయంత్రానికో సరుకు అయిపోయాక గుండిగ కడగాలి, పులుసు మళ్లీ మరిగించాలి. ఇదంతా పొయ్యి పక్కన, ఏసీ లేని చోట, నిలబడే. కోడితో పోలిస్తే బాతుకు ఎముక ఎక్కువ, మాంసం తక్కువ. ఉడికేసరికి బరువు ఇంకా తగ్గుతుంది. కొన్న బరువుకూ అమ్మే బరువుకూ మధ్య ఉన్న తేడాను హాకరే భరించాలి.

ఖర్చులు పెరిగాయి. వస్తు సేవల పన్ను 2023లో 7 నుంచి 8 శాతానికి, 2024లో 9 శాతానికి పెరిగింది. గ్యాస్, కరెంటు, బియ్యం, నూనె దేన్నీ వదల్లేదు. తొలితరంవారికి దక్కిన రాయితీ అద్దె కొత్తవారికి వర్తించదు, వారు వేలంలో పాడుకోవాల్సిందే. 2024లో మెరీన్ పరేడ్‌లోని ఒక దుకాణానికి నెలకు 10 వేల డాలర్లకు పైగా పాట పలికింది. అది అరుదైన ఉదంతమే, చాలాచోట్ల అద్దెలు అంతకంటే ఎంతో తక్కువ. హాకర్ల ఖర్చులో పెద్ద వాటా ముడిసరుకుదే, అద్దెది కాదని ప్రభుత్వం కూడా చెబుతుంది. అది నిజమే కావచ్చు. కానీ ముడిసరుకు పెరిగినంతగా పళ్లెం ధర పెరగనప్పుడు కోత పడేది వంటవాడి కూలి మీదే.

ధర ఎందుకు పెంచరు? పెంచితే జనం ఒప్పుకోరు. ఎయిర్‌కండిషన్డ్ మాల్‌లో ఒక కప్పు కాఫీకి 7 డాలర్లు ఇచ్చేవారే, హాకర్ సెంటర్‌లో అర డాలర్ పెరిగితే మొహం చిట్లిస్తారు. హాకర్ భోజనం చవగ్గా ఉండటం తమ హక్కన్నది సింగపూర్‌వాసుల మనసుల్లో పాతుకుపోయింది. అందులో న్యాయం లేకపోలేదు. వృద్ధులు, చిరుద్యోగులు, వంట చేసుకునే తీరిక లేని కుటుంబాలు పూట గడుపుకునేది ఇక్కడే. ధర పెరిగితే ముందుగా దెబ్బ తగిలేది వారికి. పేదవాడి పళ్లేన్ని చవగ్గా ఉంచే భారం ఇంకో పేదవాడి నడుం మీద ఎందుకు పడాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి మార్కెట్ తన పద్ధతిలో జవాబు వెతుక్కుంది. కొన్ని సంస్థలు ఒకే పెద్ద వంటశాలలో బాతులను ఉడికించి, పులుసును ప్యాకెట్లలో నింపి, తమ శాఖలన్నిటికీ పంపుతున్నాయి. దుకాణంలో కోయడం, వడ్డించడమే మిగులుతుంది. రుచి ప్రతిరోజూ ఒకేలా ఉంటుంది, నైపుణ్యం అక్కర్లేదు, ధరా అదుపులో ఉంటుంది. ఆకలి తీరడానికి అది చాలు. అయితే ఒక్కో దుకాణానికి ఒక్కో రుచి ఉండటం, ఏ అంకుల్ చేతి పులుసు గొప్పదో బల్లల దగ్గర వాదించుకోవడం అందులో ఉండవు. యునెస్కో గుర్తించింది ప్యాకెట్‌ను కాదు.

గెలుపే ఓటమి

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2011లో మళ్లీ కొత్త సెంటర్లు కట్టాలని నిర్ణయించింది. కొత్తవారు తక్కువ అద్దెతో కొన్ని నెలలు ప్రయోగం చేసి చూసుకునే పథకం 2018లో వచ్చింది. ఆ తర్వాత శిక్షణ తరగతులు, అనుభవజ్ఞుల దగ్గర అప్రెంటిస్‌షిప్, పిల్లలు ముందుకు రాని వృద్ధ హాకర్లు తమ దుకాణాన్ని, విద్యను బయటివారికి అప్పగించే ఏర్పాటు మొదలయ్యాయి. హాకర్ సెంటర్లలో సహాయకులుగా ఒకప్పుడు పౌరులు, శాశ్వత నివాసులే పనిచేయాలి. 2025 జనవరి నుంచి దీర్ఘకాలిక పర్యటన పాసులున్న విదేశీయులను కూడా పెట్టుకోవచ్చు. దుకాణం యజమాని మాత్రం స్థానికుడే అయ్యుండాలి. వలసవచ్చినవారి వంటకు కాపలా ఇప్పుడు పౌరసత్వం.

ఈ పథకాలు చూసి ఉద్యోగాలు వదిలి వచ్చిన యువకులు లేకపోలేదు. కొందరు తండ్రుల దుకాణాలకు కొత్త బోర్డులు పెట్టారు, ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుంటున్నారు, అదే బాతును అందంగా అమర్చి రెండు డాలర్లు ఎక్కువకు అమ్ముతున్నారు. కానీ వచ్చేవారి కంటే విరమించేవారే ఎక్కువ. దానికి పిల్లలను తప్పుపట్టడం తేలిక. నిజానికి తొలితరం హాకర్లలో చాలామంది ఈ పనిని ఇష్టపడి ఎంచుకోలేదు, గత్యంతరం లేక పట్టుకున్నారు. తమ పిల్లలు ఆ పొయ్యి ముందు నిలబడకూడదనే రాత్రింబవళ్లు కష్టపడ్డారు. ఆ పిల్లలు డాక్టర్లు, ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులయ్యారు. అంటే గుండిగ తన పని తాను చేసింది. మగ్గం మీద బతికి, కొడుకును చదివించి, చివరికి మగ్గాన్ని అటకెక్కించిన నేతకారుల ఇళ్లు తెలుగునాట లెక్కలేనన్ని. ఆ ఇళ్లలో మగ్గం మూగబోవడం ఓటమా, గెలుపా? రెండూనేమో.

పోయేది వంట ఒక్కటే అయితే ఇంత బెంగ అక్కర్లేదు. 1979లో మొదలైన 'మాండరిన్ మాట్లాడండి' ఉద్యమం తర్వాత టియోచ్యూ వంటి మాండలికాలు టీవీ, రేడియోల నుంచి కనుమరుగయ్యాయి. బడుల్లో మాండరిన్, ఇంగ్లీషే వినిపించాయి. ఇంట్లో ప్రధానంగా చైనా మాండలికాలు మాట్లాడే సింగపూర్‌వాసులు 2010 జనాభా లెక్కల్లో 14.3 శాతం. 2020కల్లా 8.7 శాతానికి పడిపోయారు. తాత మాట మనవడికి అర్థం కాని ఇళ్లలో కూడా మీ పోక్, క్వే టియావ్ అనే మాటలు మిగిలాయి. ఉడికించిన బాతును టియోచ్యూలో 'లౌ ఆ' అంటారు. మాండరిన్‌లో 'లూ యా'. వరసలో నిలబడిన కుర్రవాడు ఇంగ్లీషులో 'డక్ నూడుల్' అంటాడు. మొద్దు వెనకాల ఉన్న అంకుల్‌కు మూడూ అర్థమవుతాయి. ఆయన తర్వాత వచ్చేవారికి మొదటి మాట అర్థం కావాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

బాతు పులుసు వండటం రహస్య విద్య కాదు. దినుసులు ఏ బజారులోనైనా దొరుకుతాయి, పద్ధతి శ్రద్ధగా చూస్తే అబ్బుతుంది. కొరతంతా రోజుకు పన్నెండు గంటలు నిలబడగల కాళ్లకు, ఆ కాళ్లకు తగిన కూలి ఇవ్వగల పళ్లేనికి. యునెస్కో పత్రం ఆ కూలి ఇవ్వదు, మిషలిన్ నక్షత్రమూ అందరికీ రాదు. పెంచిన అర డాలర్‌ను సణగకుండా ఇవ్వగలిగినవారు ఇవ్వడం, ఇవ్వలేనివారి భారాన్ని హాకర్ మీద వదిలేయకుండా ప్రభుత్వం మోయడం, ఈ రెండే మార్గాలు. మూడోది కూడా ఒకటుంది. ఏదో ఒక సాయంత్రం ఒక పెద్దాయన పులుసును మళ్లీ మరిగించకుండా పొయ్యి ఆర్పేస్తాడు. ఇప్పటికి ఎక్కువగా జరుగుతున్నది అదే.